షుగర్‌ల్యాండ్ స్కూలు స్థలంలో దొరికిన 95 సమాధులు: అసలు కథ ఎవరికైనా తెలుసా?

#1 · కొత్తిల్లు_హ్యూస్టన్

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో హ్యూస్టన్ దగ్గరి షుగర్‌ల్యాండ్‌లో ఇల్లు కొనుక్కుని ఎనిమిది నెలలైంది. నిన్న కారులో వస్తుంటే మా అమ్మాయి "నాన్నా, ఆ పెద్ద స్కూల్ పక్కన బానిసల శ్మశానం ఉందట, నిజమేనా?" అని అడిగింది. నాకు తెలీదన్నాను. ఇంటికొచ్చి వెతికితే నిజమేనని తేలింది. జేమ్స్ రీస్ కెరీర్ సెంటర్ అనే ఆ స్కూలు కడుతుంటే 95 సమాధులు బయటపడ్డాయట.

ఇల్లు చూపించేటప్పుడు గుడి ఎంత దూరం, ఇండియన్ స్టోర్ ఎంత దూరం, స్కూల్ రేటింగ్ ఎంత, అన్నీ చెప్పారు. ఈ ఒక్క మాట మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇక్కడ పాతకాపులు ఎవరైనా ఉంటే చెప్పండి, ఆ బానిసలు ఎవరు? ఎప్పటివాళ్ళు? అడగడానికి కాస్త సిగ్గుగానే ఉంది గానీ, మా ఇంటి కింద కూడా ఉండే అవకాశం ఉందా? మా ఆవిడకి రాత్రి నుంచీ టెన్షన్.

#2 · లెక్కలమనిషి

2018లో పెద్ద న్యూస్ అయింది. తర్వాత అందరూ మర్చిపోయారు. అమెరికాలో ఎక్కడ తవ్వినా ఏదో ఒకటి దొరుకుతుంది, ఇంటి ధర మీద ప్రభావమేమీ ఉండదు. నిద్రపొండి.

#3 · బ్రజోస్_బాబాయ్

కొత్తిల్లు గారూ, ముందు ఒక చిన్న దిద్దుబాటు. మీ అమ్మాయికి కూడా చెప్పండి. అది బానిసల శ్మశానం కాదు. అదే ఇందులో మెలిక.

అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది. ఈ 95 మందిని పూడ్చింది ఆ తర్వాత, సుమారు 1878 నుంచి 1911 లోపు. చట్టం ప్రకారం వీళ్ళు బానిసలు కారు, ఖైదీలు. 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేస్తూనే "నేరానికి శిక్షగా తప్ప" అని ఒక మినహాయింపు పెట్టింది. ఆ సందులోంచి ఎంత పెద్ద బండి వెళ్ళిందంటే, టెక్సస్ ప్రభుత్వం తన జైళ్ళలోని మనుషుల్ని కౌలుకిచ్చింది.

కౌలు అన్న మాట ఊరికే వాడటం లేదు. పొలం కౌలుకిచ్చినట్టే. 1878లో ఎడ్వర్డ్ కన్నింగ్‌హామ్, లిటిల్‌బెరీ ఎల్లిస్ అనే ఇద్దరు చెరకు తోటల యజమానులు రాష్ట్రంలోని ఖైదీలందరినీ కలిపి ఒకే గుత్తగా తీసుకున్నారు. తలకి నెలకి మూడు డాలర్ల చిల్లర. తమకి కావలసినవాళ్ళని తమ తోటల్లో పెట్టుకుని, మిగిలినవాళ్ళని రైల్వే పనులకీ వేరే పొలాలకీ మళ్ళీ అద్దెకిచ్చుకున్నారు. 1883లో ఆ గుత్త పోయినా ఖైదీలను తోటలకి ఇవ్వడం ఆగలేదు. అదంతా ముగిసేసరికి 1912 వచ్చింది.

ఖైదీలు అంటే హంతకులనుకోకండి. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాది రాష్ట్రాలు పని లేకుండా తిరగడం, చిల్లర దొంగతనం లాంటివాటికి కూడా ఏళ్ళకేళ్ళు శిక్షలు వేసేలా చట్టాలు చేసుకున్నాయి. ఎవరి మీద వాడేందుకో రాయలేదు గానీ వాడింది మాత్రం ఎక్కువగా నల్లవాళ్ళ మీదే. తోటలకి కూలీలు కావాలి, కోర్టులు పంపించాయి.

బానిసని యజమాని డబ్బు పెట్టి కొనుక్కుంటాడు. చస్తే నష్టం. అద్దెకి తెచ్చుకున్న ఎద్దు చస్తే అద్దెకి తెచ్చుకున్నవాడికి ఏం పోతుంది? ఇంకోటి తోలుకొస్తాడు. ఈ ప్రాంతానికి అప్పట్లో "బ్రజోస్ నది ఒడ్డు నరకం" అని పేరు.

#4 · చెరకుతోట

బాబాయ్, ఆ పేరు ఎందుకొచ్చిందో చెరకు కొట్టినవాళ్ళకి ఇంకొంచెం తెలుస్తుంది. మాది చోడవరం దగ్గర పల్లె. ఇంటర్ అయ్యాక ఒక సీజన్ కొట్టుడుకి వెళ్ళాను. మొదటి రోజు పొట్టి చేతుల చొక్కా వేసుకెళ్ళాను. సాయంత్రానికి చేతులు బ్లేడుతో గీతలు గీసినట్టున్నాయి. ఆకు అంచు రంపంలా ఉంటుంది, చెమట పడితే మంట. గడని నేల మట్టానికి కొట్టాలి, మొదట్లోనే తీపి. అంటే రోజంతా వంగే ఉండాలి. వంగడం, కొట్టడం, నిలబడి తల నరకడం, పక్కకి పారేయడం, మళ్ళీ వంగడం. నాకు పదిహేడేళ్ళు, మూడో రోజుకే నడుం పట్టేసింది, నాన్న వచ్చి ఇంటికి తీసుకెళ్ళిపోయాడు.

తీసుకెళ్ళిపోవడానికి నాన్న ఉన్నాడు. కాలికి గొలుసు లేదు. పైగా అక్కడ నది పక్కన పల్లపు నేల, నీళ్ళు నిలుస్తాయి, దోమలు.

#5 · పాతకాగితం

ఎముకలు కూడా అదే చెప్పాయి చెరకుతోట గారూ. తవ్వితీసిన వాళ్ళ వయసులు 14 నుంచి 70 దాకా ఉంటాయని అప్పట్లో అంచనా వేశారు. 95 మందిలో ఒక్కరే ఆడమనిషి. బలమైన కండలున్న మనుషులే, కానీ సరైన తిండి లేని గుర్తులు, చేసిన పనే చేసి చేసి ఆకారం మారిపోయిన ఎముకలు. ఒక్కొక్కరినీ విడివిడిగా చెక్కపెట్టెలో పెట్టి పూడ్చారు. పైన పేరు లేదు, రాయి లేదు.

పద్నాలుగేళ్ళు అంటే మన లెక్కలో ఎనిమిదో తరగతి.

ఇప్పుడు ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మనిషి గురించి చెబుతాను. రెజినాల్డ్ మూర్. 1980ల్లో ఇక్కడి జెస్టర్ జైలులో గార్డుగా పనిచేశాడు. పొలాల్లో నల్ల ఖైదీలు వరుసగా పనిచేస్తుంటే, గుర్రం మీద తుపాకీతో కాపలా. ఆ దృశ్యం ఆయన్ని వదల్లేదు. తర్వాత సొంతంగా పాత కాగితాలు, మ్యాపులు తిరగేయడం మొదలుపెట్టాడు. చరిత్ర ప్రొఫెసర్ కాదు, జీతమిచ్చే సంస్థా లేదు. ఇంపీరియల్ ఫార్మ్ (పాత జైలు పొలం) శ్మశానం అని ఒక చిన్నది అప్పటికే అందరికీ తెలుసు. 30కి పైగా సమాధులు, రాళ్ళున్నాయి, అన్నీ 1912 తర్వాతివి. ఆయన దానికి సంరక్షకుడిగా ఉండేవాడు. ఆయన ప్రశ్న చాలా మామూలుది: 1912 తర్వాత చచ్చిపోయినవాళ్ళు ఇక్కడుంటే, అంతకుముందు ముప్ఫై ఏళ్ళపాటు చచ్చిపోయినవాళ్ళు ఎక్కడున్నారు?

ఇక్కడి బడులు నడిపే ప్రభుత్వ సంస్థ, స్కూల్ డిస్ట్రిక్ట్ ఆ పక్కనే స్థలం తీసుకుని కట్టడం మొదలుపెట్టినప్పుడు కూడా, ఇక్కడ సమాధులు ఉండొచ్చని ముందే చెప్పాడు. 2018 ఫిబ్రవరిలో కందకం తవ్వుతుంటే మట్టిలో ఎముక కనబడింది.

#6 · లెక్కలమనిషి

> స్కూల్ డిస్ట్రిక్ట్ ఆ పక్కనే స్థలం తీసుకుని

డిస్ట్రిక్ట్‌ని విలన్ చేయకండి. సర్వే చేయించాకే కట్టారు. ఎముక కనబడగానే పని ఆపారు. వేరే బిల్డర్ అయితే రాత్రికి రాత్రి కాంక్రీట్ పోసేసేవాడు. ఖర్చు ఎవరు కట్టారు? మనమే, ప్రాపర్టీ టాక్స్‌లో.

#7 · పాతకాగితం

విలన్ అనలేదు. ఆపడం మంచి పనే. అయితే తర్వాత జరిగింది కూడా చెప్పాలి. ఆ ఎండాకాలమంతా 95 మందినీ పైకి తీశారు. బడి అక్కడే కట్టుకోవాలి కాబట్టి, అవశేషాలను ఇందాక చెప్పిన పాత ఇంపీరియల్ ఫార్మ్ శ్మశానానికి మార్చాలని నగరమూ డిస్ట్రిక్టూ అనుకున్నాయి. మూర్‌తో పాటు చాలామంది ఒప్పుకోలేదు. బతికినప్పుడు వాళ్ళని అడక్కుండా తీసుకొచ్చారు, చచ్చాక కూడా అడక్కుండా మారుస్తారా అన్నది వాళ్ళ వాదన.

టెక్సస్ చట్టంలో ఇంకో చిక్కు ఉంది. ఒకసారి శ్మశానం అయిన నేల, కోర్టు ఆ హోదా తీసేస్తే తప్ప వేరే పనికి వాడకూడదు. వ్యవహారం జడ్జి ముందుకెళ్ళింది. శ్మశానాన్ని కౌంటీ (మన జిల్లా లాంటిది) తీసుకుని చూసుకుంటుందా అంటే, ఫోర్ట్ బెండ్ లాంటి పెద్ద కౌంటీకి ఆ అధికారమే చట్టంలో లేదు. దానికోసం 2019లో రాష్ట్ర శాసనసభ ప్రత్యేకంగా ఒక బిల్లు చేయాల్సి వచ్చింది. చివరికి డిస్ట్రిక్ట్ ప్లాన్ మార్చుకుంది, సమాధుల మీదికి వచ్చే భాగం కట్టలేదు. 2019 నవంబరులో 95 మందినీ దొరికిన చోటే తిరిగి పూడ్చారు. ఎనిమిది నెలల తర్వాత, 2020 జూలైలో మూర్ పోయారు. అరవై ఏళ్ళు. ఆయన పోగుచేసిన కాగితాలన్నీ ఇప్పుడు రైస్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి.

#8 · కొత్తిల్లు_హ్యూస్టన్

చదువుతుంటే ఏదోలా ఉంది. ఇంకో డౌట్. వాళ్ళు ఖైదీలే అని ఎలా చెప్పగలిగారు? పేర్లు లేవు కదా.

#9 · బ్రజోస్_బాబాయ్

చోటును బట్టి, కాలాన్ని బట్టి. అక్కడే బుల్‌హెడ్ వాగు పక్కన ఖైదీల క్యాంపు ఉండేది. పెట్టెల మేకులు, బట్టల గుండీలు ఏ కాలంవో నిపుణులు పట్టేస్తారు. మేకు తయారీ మారిన కాలం అది, కోసిన మేకులు పోయి తీగ మేకులు వచ్చాయి. ఎముకలు చెప్పిన ఆనవాళ్ళు ఎలాగూ ఉన్నాయి. ఖైదీల రిజిస్టర్లు కూడా రాష్ట్రం దగ్గర ఉన్నాయి: పేరు, వయసు, నేరం, ఎక్కడ చనిపోయాడు. పేర్లు ఒకచోట, మనుషులు ఇంకోచోట. ఏ పేరు ఏ పెట్టెదో కలపడమే కష్టం, అందుకే డీఎన్ఏ దారి.

ఒక విషయం చెబుతాను, మీలో సగం మందికి తెలిసుండదు. టెల్‌ఫెయిర్‌లో పిల్లల్ని డైనోసార్లు చూపించడానికి తీసుకెళ్తాం కదా, మ్యూజియం? ఆ భవనం 1939లో జైలుగా కట్టింది. టెల్‌ఫెయిర్ కాలనీ మొత్తం జైలు పొలమే. నేను 2009లో అది తెరిచిన కొత్తల్లో మా మనవణ్ణి తీసుకెళ్ళాను. లోపల ఏసీ, టీ-రెక్స్ పుర్రె. బయటికొచ్చి కారు దగ్గర నిలబడి ఆ గోడలు చూస్తే అప్పుడు అర్థమైంది, కిటికీలు అంత ఎత్తులో ఎందుకున్నాయో.

పాటగాడు లెడ్ బెల్లీ కూడా ఇక్కడి ఇంపీరియల్ జైలు పొలంలోనే శిక్ష అనుభవించాడు. గవర్నర్ ప్యాట్ నెఫ్‌కి పాట పాడి వినిపించి 1925లో క్షమాభిక్ష తెచ్చుకున్నాడు. పాట రానివాళ్ళు ఉండిపోయారు.

#10 · సాయంత్రం_టీ

ఊరి పేరులోనే చక్కెర ఉంది, నగరానికి గర్వం కూడా అదే. పాత ఫ్యాక్టరీ ఇటుక భవనం ఇప్పటికీ నిలబెట్టి ఉంచారు. ఆ చక్కెర ఎవరు తీశారన్నది మాత్రం 2018 దాకా మట్టిలో ఉంది. నా బాధ అదొక్కటే.

#11 · లెక్కలమనిషి

న్యాయంగా మాట్లాడుకుందాం. కెంప్నర్, ఎల్‌డ్రిడ్జ్ వాళ్ళు ఆ తోటల్ని కొని ఇంపీరియల్ షుగర్ కంపెనీ పెట్టేసరికి 1907, 1908 వచ్చింది. ఊరికి ఇళ్ళు, బడి, ఆస్పత్రి కట్టింది వాళ్ళు. పాతవాళ్ళ పాపం కొత్తవాళ్ళ మీద వేయకండి.

#12 · బ్రజోస్_బాబాయ్

ఆ మాట కొంత నిజమే. ఖైదీల పని మీద ఊరు నడవకూడదని వాళ్ళు అనుకున్నారు, జీతాల ఊరు చేశారు. అయితే ఇంపీరియల్ పొలాన్ని 1908లో రాష్ట్రమే కొనుక్కుని సొంతంగా జైలు పొలం నడిపింది. చెరకు అదే, కొట్టేవాళ్ళు అదే ఖైదీలు. ఇక్కడి సెంట్రల్ యూనిట్ జైలు మూసింది 2011లో, చక్కెర శుద్ధి ఆపింది 2003లో. లెక్కలమనిషి గారూ, ఈ చివరి రెండు అంకెలు మీ లెక్కలో వేసుకోండి.

#13 · పోర్ట్స్‌మత్_మంచు

దక్షిణాది కథ మాత్రమే అనుకుంటున్నారేమో. నేను న్యూ హాంప్‌షైర్‌లో ఉంటాను, పోర్ట్స్‌మత్. 22 వేల జనాభా, మన దగ్గరైతే మండల కేంద్రం. బ్లాక్ జనం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ బానిసలున్నారంటే మా ఆఫీసులో అమెరికన్లే నమ్మరు.

2003 అక్టోబరులో డౌన్‌టౌన్‌లో చెస్ట్‌నట్ స్ట్రీట్ కింద డ్రైనేజీ పనులు చేస్తుంటే శవపేటికలు బయటపడ్డాయి. 13 దొరికాయి. ఆ చుట్టుపక్కల 200 మంది దాకా ఉండొచ్చని అంచనా. అక్కడ "నీగ్రో శ్మశానం" ఉన్నట్టు 1705 నాటి కాగితాల్లోనే ఉంది. ఊరు పెరిగింది, 1800ల మొదట్లోనే పైన ఇళ్ళు వచ్చాయి, వీధి వచ్చింది. కాగితం ఉంది, జ్ఞాపకం పోయింది. డీఎన్ఏ పరీక్షలో ఆఫ్రికా మూలాలని తేలింది.

వాళ్ళు ఆ వీధిని వాహనాలకి మూసేసి స్మారకం కట్టారు, 2015 మే నెలలో. నేను రోజూ లంచ్‌కి అటే వెళ్తాను. మొదట్లో ఒక నిలువు గ్రానైటు పలక ఉంటుంది. ఒక పక్క మగమనిషి, ఇంకో పక్క ఆడమనిషి. ఒకరికొకరు కనబడరు. ఇద్దరి చేతులూ పలక అంచు చుట్టూ వెనక్కి వెళ్ళి, తగలీ తగలకుండా ఆగిపోతాయి. చలికాలంలో ఆ వేళ్ళ మధ్య మంచు గడ్డకడుతుంది. శిల్పి జెరోమ్ మెడోస్.

నేల మీద పొడుగ్గా కొన్ని మాటలు చెక్కారు. 1779లో ఇరవైమంది బానిసలు మాకు స్వేచ్ఛ ఇవ్వండని న్యూ హాంప్‌షైర్ శాసనసభకి రాసిన అర్జీలోవి. అందులో సంతకం చేసినవాళ్ళలో ప్రిన్స్ విపుల్ ఒకడు. అతని యజమాని విలియం విపుల్ మూడేళ్ళ ముందే అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాడు! సభ ఆ అర్జీని పక్కన పడేసింది. ఆ ఇరవైమందిలో బానిసలుగానే చనిపోయిన 14 మందికి స్వేచ్ఛ ఇస్తూ 2013లో గవర్నర్ మ్యాగీ హసన్ సంతకం పెట్టింది. 234 ఏళ్ళు పెండింగ్.

#14 · చెరకుతోట

234 ఏళ్ళు. మా ఊరి పట్టా పాసుపుస్తకం గుర్తొచ్చింది, నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

#15 · సాయంత్రం_టీ

చెరకు అంటే మనవాళ్ళు కూడా గుర్తుకొస్తారు. మారిషస్, ఫిజీ, నాటాల్ తోటలకి విశాఖ, గంజాం వైపు నుంచి ఎంతమంది తెలుగువాళ్ళు ఓడెక్కి వెళ్ళారు! నేరస్థ జాతుల చట్టం కూడా చూడండి, పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసి స్టువర్టుపురం లాంటి చోట్ల పెట్టారు కదా...

#16 · మోడరేటర్

టీ గారూ, ఆసక్తికరమైన విషయమే, కానీ ఇది దారి మళ్ళుతుంది. వేరే చర్చ మొదలుపెట్టండి, లింక్ ఇక్కడ ఇస్తాను. ఇక్కడ షుగర్‌ల్యాండ్ గురించే.

#17 · కొత్తిల్లు_హ్యూస్టన్

అందరికీ థాంక్స్. నా రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు 🙂 ఇంటి కింద ఉంటే?

#18 · పాతకాగితం

నవ్వకుండా జవాబు చెబుతాను, ఎందుకంటే ఇది నిజంగా అడగాల్సిన ప్రశ్న.

నల్లవాళ్ళ శ్మశానాలు కనబడకుండా పోవడానికి కారణాలు మామూలువే. తెల్లవాళ్ళ శ్మశానంలో చోటివ్వరు కాబట్టి ఊరవతల, పల్లంలో, ఇంకొకరి పొలం మూలలో పూడ్చుకున్నారు. దస్తావేజు ఉండదు. చెక్క గుర్తు పదేళ్ళకి పుచ్చిపోతుంది. పిల్లలు పని వెతుక్కుంటూ ఉత్తరాదికి వెళ్ళిపోయారు, చూసే దిక్కు లేదు. నగర శ్మశానాలకి నిర్వహణ నిధి ఉంటుంది, వీటికి అదీ లేదు. తర్వాత ఎవరో కొంటారు, చదును చేస్తారు.

గుర్తుపట్టే ఆనవాళ్ళు కొన్ని ఉన్నాయి. ఎవరూ నాటని చోట దేవదారు జాతి చెట్టు, యుక్కా మొక్కలు. నేల మీద సముద్రపు గవ్వలు, విరిగిన పింగాణీ కప్పులు. చనిపోయినవాళ్ళు వాడిన వస్తువు సమాధి మీద పెట్టడం వాళ్ళ ఆచారం, కొత్తవాళ్ళు చెత్త అనుకుని ఎత్తిపారేస్తారు. వర్షం పడ్డాక చూస్తే మనిషి పొడుగు గుంటలు వరుసగా, తూర్పు పడమరలుగా. తల పడమటికి, కాళ్ళు తూర్పుకి.

పెరట్లో స్విమ్మింగ్ పూల్‌కి తవ్వినప్పుడు ఇలాంటిదేమైనా కనబడితే పని ఆపించండి. టెక్సస్‌లో తెలియని శ్మశానం కనుక్కున్నవాళ్ళు పది రోజుల్లోపు కౌంటీ క్లర్క్ దగ్గర నోటీసు దాఖలు చేయాలి. ఇది సలహా కాదు, చట్టం. మీ ఇంటి స్థలం పాత యజమానులెవరో కౌంటీ రికార్డుల్లో వెనక్కి చూసుకోవచ్చు, సాయం కావాలంటే నేను చేస్తాను.

ఇలాంటివి గుర్తించి కాపాడటానికి సాయం చేసేలా నేషనల్ పార్క్ సర్వీస్ కింద ఒక కార్యక్రమం పెట్టడానికి 2022 చివర్లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఏడాదికి 30 లక్షల డాలర్ల దాకా అనుమతి. దేశం మొత్తానికి.

#19 · లెక్కలమనిషి

> దేశం మొత్తానికి

మా కాలనీలో రెండు మూడు ఇళ్ళ ఖరీదు. సరే, ఇక్కడ మాత్రం మీ మాటే ఒప్పుకుంటాను.

#20 · కొత్తిల్లు_హ్యూస్టన్

నిన్న సాయంత్రం అమ్మాయికి కూర్చోబెట్టి చెప్పాను. "బానిసలు కాదమ్మా, బానిసత్వం పోయాక" అన్నాను. కాసేపు ఆలోచించి "మరి తేడా ఏంటి?" అంది. నాకు బాబాయ్ గారి ఎద్దు కథ తప్ప ఏమీ తట్టలేదు, అదే చెప్పాను. అద్దె అంటే దానికి కార్ రెంటల్ ఒక్కటే తెలుసు. "రెంటల్ కార్‌ని డాడీ గతుకుల్లో ఎలా నడుపుతాడో అలాగా?" అంది. అవునన్నాను.

ఇప్పుడు చూడాలంటోంది. అది స్కూల్ ప్రాంగణం కదా, లోపలికి వెళ్ళనిస్తారా?

#21 · బ్రజోస్_బాబాయ్

ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగి వెళ్ళండి, క్లాసుల టైములో అలా నడిచి వెళ్ళకూడదు. ఒప్పుకుంటే నాకు మెసేజ్ పెట్టండి బాబూ, నేనూ వస్తాను. పొద్దున్నే ఎనిమిదికల్లా పెట్టుకుందాం, పది దాటితే ఈ ఎండలో నా వల్ల కాదు. పూలు తెస్తే ప్లాస్టిక్ కవర్ తీసేసి తీసుకురండి.

#22 · చెరకుతోట

నేను డాలస్ నుంచి వస్తాను. నాలుగు గంటలు డ్రైవ్. తారీఖు చెప్పండి చాలు.